తిన్నది నష్టం, మునిగింది లాభం

"సముద్రం ఎలాగూ కార్బన్ పీల్చుకుంటూనే ఉంది కదా బావా. ఇంకాస్త ఎక్కువ పీల్చుకునేలా మనం చేస్తే తప్పేంటి?"

ఈ ప్రశ్న మా బావమరిదిది. సియాటిల్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ కంపెనీ తను వదిలే కార్బన్‌కి బదులుగా ఏటా కార్బన్ క్రెడిట్లు కొంటుంది, అంటే ఇంకెక్కడో ఇన్ని టన్నుల కార్బన్ తగ్గించామని ఎవరో ఇచ్చే పత్రాలు. ఇన్నాళ్ళూ అడవుల క్రెడిట్లు కొన్నారు. ఆ అడవులేమో తగలబడుతున్నాయి, లెక్కలు తేడా వస్తున్నాయి. దాంతో ఇప్పుడు సముద్రం వైపు చూస్తున్నారట. ఒకరు ఇనుము చల్లుతామంటున్నారు, ఒకరు క్షారం కలుపుతామంటున్నారు, ఇంకొకరు నాచు పెంచి అడుగుకు ముంచేస్తామంటున్నారు. ఏది కొనాలో చూసి చెప్పే బృందంలో వీడూ ఉన్నాడు.

వాడు అడిగింది వెర్రి ప్రశ్నేం కాదు. ఫోన్లో తేలే సంగతి కూడా కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఈ విషయం ఎత్తితే మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. "ప్రకృతితో ఆటలాడకూడదండీ" అనేది ఒకటి. నూట యాభై ఏళ్ళకు పైగా బొగ్గూ పెట్రోలూ తగలేస్తూ ఆడుతూనే ఉన్నాం, ఆ మాటనే హక్కు మనకి ఎప్పుడో పోయింది. "సైన్సు ఏదో ఒకటి కనిపెడుతుందిలే" అనేది రెండోది. కనిపెట్టింది కూడా. ఏం కనిపెట్టిందో చదివే ఓపికే వీళ్ళకి ఉండదు. నేను చెప్పేది ఈ రెండూ కాదు. సముద్రంలో ప్రయోగాలు జరగాలి, ఇప్పుడు జరుగుతున్నవాటికంటే ఎక్కువే జరగాలి. కానీ ముంచిన కార్బన్‌ని టన్నుల లెక్కన అమ్ముకోనివ్వకూడదు. ఆ అమ్మకం మొదలైన రోజు నుంచీ సముద్రంలో తిండి తినే ప్రతి ప్రాణీ ఎవరో ఒకరి ఖాతాలో నష్టం కింద పడుతుంది.

కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

మనం ఏటా గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రం తీసుకుంటోంది. ఊరికే తీసుకోవడం లేదు. నీళ్ళలో కరిగిన ఆ వాయువు ఆమ్లమవుతుంది. పరిశ్రమలు రాకముందు సముద్రపు పైనీటి పీహెచ్ 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గర ఉంది. చూడ్డానికి చిన్న తేడానే గానీ, పీహెచ్ కొలతలో ఆ కాస్త తగ్గడమంటే నీళ్ళలో హైడ్రోజన్ అయాన్లు సుమారు 30 శాతం పెరిగినట్టు. పగడాలు, ఆల్చిప్పలు, సున్నపు పెంకు కట్టుకుని బతికే మరెన్నో జీవుల మీద ఆ భారం పడింది.

ఇది రసాయనం దారి. రెండోది ప్రాణుల దారి. కంటికి కనిపించని ఏకకణ జీవులు, ఫైటోప్లాంక్టన్ అంటాం, భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే. ఇవి కార్బన్‌ని ఒంటికి పట్టించుకుంటాయి. వీటిని చిన్న జంతువులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. తిన్నదాంట్లో చాలా భాగం ఊపిరి రూపంలో మళ్ళీ నీళ్ళలోకి, అక్కణ్ణించి గాల్లోకి వచ్చేస్తుంది. చచ్చిన కణాలు, రెట్టలు కలిసి మిగిలిన కొంత కిందికి జారుతుంది. దారిలో బ్యాక్టీరియా తినగా తినగా, వెయ్యి మీటర్ల లోతు దాటేది చాలా కొద్ది భాగమే. దాటిందంటే మాత్రం ఆ కార్బన్ కొన్ని వందల ఏళ్ళ దాకా పైకి రాదు. శాస్త్రవేత్తలు దీన్ని జీవ పంపు అంటారు. ఈ పంపే లేకపోతే గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడున్నదానికంటే చాలా ఎక్కువగా ఉండేది.

మరి ఈ పంపు వేగం పెంచితే?

ఆ ఆలోచనకి మూలపురుషుడు జాన్ మార్టిన్, కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ సముద్ర పరిశోధనశాలకు డైరెక్టర్‌గా చేసినాయన. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రంలో నైట్రేట్, ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నా ఫైటోప్లాంక్టన్ పెద్దగా పెరగదు. కారణం ఇనుము కొరత అని ఆయన తేల్చాడు. మంచుయుగాల్లో గాలికి ఎగిరొచ్చిన దుమ్ములోని ఇనుమే సముద్రాన్ని పచ్చబరిచి, గాల్లో కార్బన్ తగ్గడానికి తోడ్పడిందన్నది ఆయన సిద్ధాంతం. "అర ట్యాంకరు ఇనుము ఇవ్వండి, మీకో మంచుయుగం ఇస్తాను" అని 1988లో ఒక సభలో సరదాగా అన్నాడు. సరదా మాటే గానీ పట్టుకున్నవాళ్ళు సరదాగా పట్టుకోలేదు. 1993లో ఆయన చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో గాలపాగోస్ దీవుల దగ్గర మొదటిసారి సముద్రంలో ఇనుము కలిపి చూశారు. 2009 వరకూ ఇలాంటి ప్రయోగాలు పదికి పైగా జరిగాయి.

వీటిలో చల్లేది ఐరన్ సల్ఫేట్. మన రైతులకి బాగా తెలిసిన వస్తువే, అన్నభేది. వేరుశనగ ఆకు పాలిపోతే నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు, కొద్ది రోజుల్లో ఆకు పచ్చబడుతుంది. సముద్రంలోనూ అంతే. ఓడ మీద ట్యాంకులో ఆమ్లం కలిపిన సముద్రపు నీళ్ళు పోసి, అందులో అన్నభేది కరిగించి, వెనక ప్రొపెల్లరు చిలికే నీళ్ళలోకి వదులుతారు. ఆమ్లం ఎందుకంటే, మామూలు సముద్రపు నీళ్ళలో ఇనుము నిలవదు, తుప్పు పట్టి కిందికి పోతుంది. కొద్ది రోజుల్లోనే నీటి రంగు మారడం ఉపగ్రహం నుంచి కూడా కనిపిస్తుంది. కాబట్టి పచ్చబడుతుందా లేదా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. పచ్చబడ్డ తర్వాత ఏమవుతుందన్నదే అసలు గొడవ. చేలో అయితే కోత రోజున కాయ చూసి చెప్పొచ్చు. ఇక్కడ కోత జరిగేది మూడు నాలుగు కిలోమీటర్ల లోతులో, చీకట్లో.

రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూస్తే నా వాదన ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తుంది.

మొదటిది 2004లో దక్షిణ సముద్రంలో జర్మన్లు చేసిన ఐఫెక్స్. అక్కడ ఇనుముతో పాటు నీళ్ళలో సిలికా బాగా ఉంది. సిలికా ఉంటే డయాటమ్‌లు పెరుగుతాయి. ఇవి గాజు పెంకు కట్టుకునే ఏకకణ జీవులు. వీటిలో కొన్ని జాతులకి పొడవాటి ముళ్ళుంటాయి, గొలుసులుగా అల్లుకుని ఉంటాయి. చిన్న జంతువులు వీటిని అంత తేలిగ్గా తినలేవు. చివరికి అవి చచ్చి, చిక్కులు పడి, ముద్దలు కట్టి జారిపోయాయి. ఆ డయాటమ్ రాశిలో కనీసం సగం వెయ్యి మీటర్ల కిందికి వెళ్ళిందని 2012లో నేచర్ పత్రికలో రాశారు. ఇనుము వ్యాపారం చేద్దామనుకునేవాళ్ళు ఇప్పటికీ చూపించేది ఈ పేపరునే.

రెండోది మనది. 2009 జనవరి 7న పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధక నౌక కేప్‌టౌన్ నుంచి బయలుదేరింది. అందులోని శాస్త్రవేత్తల్లో సగానికి పైగా భారతీయులే. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి చేసిన ఈ ప్రయోగం పేరు లోహాఫెక్స్. మనవైపు నాయకుడు వాజిహ్ నఖ్వీ, అటువైపు విక్టర్ స్మెటాచెక్. ఓడ బయలుదేరాక పర్యావరణ సంఘాలు గొడవ చేశాయి. అంతకుముందు ఏడాదే జీవవైవిధ్య ఒప్పందం సభ్యదేశాలు సముద్రానికి ఎరువు వేసే పనులు ఆపాలని తీర్మానించాయి. జర్మనీ పర్యావరణ శాఖ ఆపమంది, పరిశోధన శాఖ మళ్ళీ సమీక్షలు చేయించింది. ఓడేమో సముద్రంలో ఎదురుచూస్తోంది. చివరికి జనవరి 26న అనుమతి వచ్చింది.

దక్షిణ సముద్రంలో అట్లాంటిక్ వైపున్న ఒక పెద్ద సుడి మధ్య సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటికి ఇనుము కలిపారు. తర్వాత మళ్ళీ ఒక దఫా కలిపారు. 39 రోజులు ఆ పచ్చని మచ్చ వెంటే తిరిగారు. ఫైటోప్లాంక్టన్ అనుకున్నట్టే పెరిగింది. కానీ ఆ నీళ్ళలో సిలికా లేదు, అంతకుముందు సహజంగా పెరిగిన డయాటమ్‌లు ఉన్నది కాస్తా వాడేసుకున్నాయి. దాంతో గాజు పెంకు లేని మెత్తటి జాతులు పెరిగాయి. వాటి మీద కోపిపాడ్‌లు పడ్డాయి. కోపిపాడ్ అంటే ఒకటి రెండు మిల్లీమీటర్లుండే జీవి, రోజంతా మేయడమే దాని పని. కోపిపాడ్‌ల మీద ఆంఫిపాడ్‌లు పడ్డాయి. ఇవి రొయ్యలకి దూరపు చుట్టాలు, తెమిస్టో అనే జాతి. స్క్విడ్‌లకీ ఫిన్ తిమింగలాలకీ ఇవి మంచి మేత. కోపిపాడ్ రెట్టలు కూడా పై వంద మీటర్లలోనే ముక్కలై, మళ్ళీ ఎవరికో తిండైపోయాయి. లోతుకు పెట్టిన పరికరాల్లో అదనంగా పడింది దాదాపు ఏమీ లేదు. 2013లో వచ్చిన పేపరు సారాంశం అదే: ఉత్పత్తి పెరిగింది, కిందికి దిగింది పెరగలేదు.

ప్రయోగం ఫెయిలైందని అప్పట్లో చాలామంది రాశారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. పెట్టింది ఎవరో ఒకరు తిన్నారు. తిన్నవాటిని ఇంకొకరు తిన్నారు. సముద్రం కోసమైతే అది ఫెయిల్ ఎలా అవుతుంది? కార్బన్ ముంచాలనుకున్నవాడి లెక్కలోనే అది ఫెయిల్. వాడి లెక్కలో కోపిపాడ్ తిన్న ప్రతి కణం లీకేజీ.

ఇప్పుడు ఈ రెంటి మీదా వ్యాపారం పెట్టామనుకుందాం. టన్నుకి ఇంత అని డబ్బు వచ్చేది మునిగినదానికే గానీ తిన్నదానికి కాదు. అలాంటప్పుడు కంపెనీ ఎలాంటి నీళ్ళు వెతుక్కుంటుంది? ముళ్ళున్న, గట్టి పెంకున్న, ఎవరూ తినలేని డయాటమ్‌లు పెరిగే నీళ్ళు. మేసే జంతువులు తక్కువున్న కాలం. వీలైతే తినేవాళ్ళకి దొరక్కుండా త్వరగా మునిగే ఉపాయం. ఇందులో ఎవరి చెడ్డతనమూ అక్కర్లేదు, ధర ఎటు లాగితే పని అటే పోతుంది. జీవ పంపు బాగా పనిచెయ్యాలంటే తిండిగా పనికొచ్చే సముద్రం తగ్గాలి. చేప కోరుకునేదీ క్రెడిట్ కోరుకునేదీ ఒకే నీళ్ళలో సరిగ్గా ఎదురెదురు.

ఇది పూర్తిగా అంత ముక్కుసూటి విషయం కాదనీ తెలుసు. తిన్నదాంట్లో కొంత రెట్టల రూపంలో కిందికి పోతుంది. రోజూ రాత్రి పైకొచ్చి మేసి, పగలు వందల మీటర్ల లోతుకు దిగే జంతువులు కొంత కార్బన్‌ని తమతో కిందికి మోసుకుపోతాయి. కొన్ని చోట్ల ఇది పెద్ద మొత్తమే. కానీ ఏ చోట ఎంతన్నది ముందే చెప్పలేం. ఒకే ఇనుము, ఒకే మహాసముద్రం, అయిదేళ్ళ తేడాతో రెండు ప్రయోగాలు. ఒకటి సగం ముంచింది, ఇంకోటి ఏమీ ముంచలేదు. ఇంత తేడా ఉన్నదాన్ని ముందే ధర కట్టి అమ్మడాన్ని ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనకుండా ఏమంటాం?

చేపా క్రెడిట్టూ రెండూ వస్తాయని నమ్మినవాళ్ళు నిజంగానే ఉన్నారు. 2012లో కెనడా పశ్చిమ తీరంలో హైదా గ్వాయ్ దీవుల దగ్గర సుమారు 100 టన్నుల ఐరన్ సల్ఫేట్ సముద్రంలో పోశారు. అక్కడి ఓల్డ్ మాసెట్ గ్రామస్థులు దానికి 25 లక్షల కెనడా డాలర్లు పెట్టారు. రస్ జార్జ్ అనే వ్యాపారి వాళ్ళకి చెప్పింది ఏమిటంటే, సాల్మన్ చేపలు తిరిగొస్తాయి, కార్బన్ క్రెడిట్లు కూడా అమ్ముకోవచ్చు. అవ్వా కావాలి, బువ్వా కావాలి. సాల్మన్ తిన్న ప్లాంక్టన్ మునగదు, మునిగిన ప్లాంక్టన్‌ని సాల్మన్ తినదు. ఆ మాట ఆ ఊరివాళ్ళకి ఎవరైనా విడమరిచి చెప్పారా అన్నది నా అనుమానం. తర్వాత ఒక ఏడాది సాల్మన్ బాగా పడ్డాయి, దానికీ ఇనుముకీ సంబంధం ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. క్రెడిట్లు మాత్రం అమ్ముడుపోలేదు. ఆ ఊరివాళ్ళని తప్పుపట్టను. తరాలుగా సాల్మన్ మీద బతికినవాళ్ళు, చేప తగ్గుతుంటే చూస్తూ కూర్చోలేరు.

మనకి ఇందులో ఏం పని అంటే, ఉంది. దక్షిణ సముద్రం ఎక్కడో ఉందనుకుంటాం గానీ, దాని పైనీళ్ళు కొంత లోతుకు దిగి, ఆ లోతులోనే ఉత్తరానికి పారి, ఉష్ణమండల సముద్రాల్లో పైకి తేలతాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సార్మియెంటో బృందం 2004లో ఈ విషయం లెక్కగట్టింది. దక్షిణ అక్షాంశం 30 డిగ్రీలకు ఉత్తరాన ఉన్న సముద్రాల జీవోత్పత్తిలో దాదాపు ముప్పావు వంతుకు పోషకాలు ఆ నీళ్ళ నుంచే వస్తున్నాయట. అక్కడ ఇనుము వేసి నైట్రేటు, ఫాస్ఫేటు మొత్తం అక్కడే వాడేస్తే, ఇక్కడికి వచ్చే నీళ్ళు చప్పగా వస్తాయి. 2023లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన టాలియబ్యూ బృందం కంప్యూటర్ మోడల్‌లో పెట్టి చూసిందీ ఇదే: వాతావరణానికి ఒరిగేది కొంచెమే, ఉష్ణమండల దేశాల తీర జలాల్లో చేపల రాశి మాత్రం ఇప్పటికే తగ్గుతున్నదానికంటే ఇంకా తగ్గుతుంది. ఎగువన ఆనకట్ట కట్టి దిగువవాళ్ళకి నీళ్ళాపడం మనకి కొత్త తగాదా కాదు. ఇక్కడ ఆనకట్ట కనిపించదు, అంతే.

ఉత్తర హిందూ మహాసముద్రం సంగతి ఇంకా సున్నితం. అట్లాంటిక్, పసిఫిక్‌లలాగా దీనికి ఉత్తరం వైపు దారి లేదు, ఆసియా ఖండం అడ్డం. లోపలి పొరలకి ఆక్సిజన్ దక్షిణం నుంచే రావాలి. అది వచ్చేసరికే పలచబడుతుంది. అరేబియా సముద్రంలో నూటయాభై మీటర్ల కింద మొదలయ్యే పెద్ద పొరలో ఆక్సిజన్ దాదాపు సున్నా. అక్కడ బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు నైట్రేటును వాడుకుంటాయి, ఆ పనిలో నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో ఒక టన్ను నైట్రస్ ఆక్సైడ్ 273 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లోహాఫెక్స్ నడిపిన నఖ్వీకి అంతకుముందే పేరు తెచ్చింది ఈ పనే. మన పశ్చిమ తీరపు లోతు తక్కువ నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి నైట్రస్ ఆక్సైడ్ భారీగా వస్తోందని 2000లో ఆయన బృందం చూపించింది. పచ్చబడ్డ రాశి కుళ్ళేటప్పుడు ఆక్సిజన్ తింటుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆయన ప్రయోగం చెయ్యాలన్నాడు. నేను ప్రయోగాల పక్షాన ఉండటానికి అదో కారణం.

బంగాళాఖాతం ఇంకాస్త విచిత్రం. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి ఇన్ని నదులు పోసిన మంచినీళ్ళు పైన మూతలా పరుచుకుని ఉంటాయి, అడుగు నీళ్ళూ పై నీళ్ళూ సులువుగా కలవవు. కింద ఆక్సిజన్ దాదాపు లేదు గానీ, పూర్తిగా సున్నా కాదు. అతి కొద్దిగా మిగిలి ఉంది, నైట్రేటులోని నైట్రోజన్ వాయువుగా మారి పోకుండా ఆ కొద్దిపాటిదే ఆపుతోందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అందులోనూ నఖ్వీ ఉన్నారు. అంచు మీద నిలబడ్డ సముద్రం అన్నమాట. ఇలాంటి చోట పైన ఇంకాస్త రాశి పెంచి కిందికి తోస్తే, మునిగిన ప్రతి టన్నూ ఆ కాస్త ఆక్సిజన్‌ని తింటుంది. మనల్ని అడిగి ఎవరూ బంగాళాఖాతంలో ఇనుము చల్లబోవడం లేదనుకోండి, ఇక్కడి కొరత ఇనుముది కాదు కూడా. కానీ నాచు పెంచి ముంచే ప్రణాళికలకి ఉష్ణమండల సముద్రాలన్నీ మంచి స్థలాలుగానే కనిపిస్తాయి. నాచైనా ఇంతే, పైన పోషకాలు లాక్కుంటుంది, కింద ఆక్సిజన్ లాక్కుంటుంది.

చెప్పకుండా చేసిన ప్రయోగాలు మనకీ ఉన్నాయి. డాన్యూబ్ నది మీద ఐరన్ గేట్స్ ఆనకట్ట కట్టాక సిలికా ఒండ్రుతో పాటు వెనకాలే ఆగిపోయింది, నల్ల సముద్రంలో డయాటమ్‌లు తగ్గి వేరే జాతులు పెరిగాయి. గోదావరి, కృష్ణ జలాశయాల వల్ల డెల్టాలకు ఒండ్రు తగ్గిందని, తీరం కోతకు అదొక కారణమని ఆంధ్రా యూనివర్సిటీ భూగోళ శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. తీరం కోత అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది ఏమిటంటే, చచ్చిన ప్లాంక్టన్‌కి అంటుకుని, బరువెక్కించి, బంగాళాఖాతం అడుగుకు లాక్కుపోయేది ఆ ఒండ్రు రేణువులే. మనం పంటల కోసం కట్టుకున్నాం, నేనేమీ కూల్చమనడం లేదు. సముద్రపు కార్బన్ లెక్కలో దాని సంగతి ఎవరు రాశారు అంటున్నాను.

తిమింగలాల మాట కూడా ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలోనే దాదాపు 20 లక్షల తిమింగలాల్ని చంపారు. తిమింగలం మలంలో ఇనుము ఎక్కువ, అది ఫైటోప్లాంక్టన్‌కి ఎరువు, ఆ ఫైటోప్లాంక్టన్ తిమింగలం తినే క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవికి తిండి. తిమింగలాలు పోయాక క్రిల్ పెరగాల్సింది, తగ్గింది. వాటిని పెరగనిస్తే చాలు, అన్నభేది ఓడలు అక్కర్లేకుండానే కొంత ఇనుము పైనీళ్ళలో తిరుగుతుంది. నాకు నచ్చే వాతావరణ చికిత్స ఇదొక్కటే. దీనికీ ధర కట్టకుండా ఉండలేకపోయారనుకోండి. ఒక్కో పెద్ద తిమింగలం విలువ 20 లక్షల డాలర్లకు పైనే అని 2019లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఆర్థికవేత్తలు తేల్చారు.

ఇక క్షారం కలిపే పద్ధతి. దీని మీద నా అభిప్రాయం కాస్త మెత్తగా ఉంటుంది. నీళ్ళలో క్షారం పెంచితే కరిగిన కార్బన్ డయాక్సైడ్ బైకార్బనేటుగా మారి వేల ఏళ్ళు అలాగే ఉంటుంది. మునగక్కర్లేదు, ఎవరి తిండీ లాక్కోదు, ఆమ్లత్వం తగ్గుతుంది కూడా. అయితే మాయ ఏమీ లేదు. రాళ్ళు పొడి చేసి కలిపితే వాటిలోని నికెల్ లాంటి లోహాలు వెంట వస్తాయి. కలిపిన చోట కాసేపు పీహెచ్ ఎగబాకుతుంది. గాల్లోంచి నిజంగా ఎంత కార్బన్ లోపలికి వచ్చిందన్నది కొలవాలంటే నెలల తరబడి, చెదిరిపోయిన నీళ్ళ వెంట పరిగెత్తాలి. 2025 ఆగస్టులో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవాళ్ళు గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో సుమారు 65 వేల లీటర్ల కాస్టిక్ సోడా ద్రావణం, ఎర్ర రంగు కలిపి వదిలారు. ముందుగా అనుమతికి దరఖాస్తు పెట్టారు, జనం అభిప్రాయం అడిగారు, జాలర్లతో మాట్లాడారు, ఒక్క క్రెడిట్ కూడా అమ్మలేదు. ప్రయోగమంటే నేననేది ఇలాంటిదే.

ఎండని ఆపే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. 1991లో పినటుబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గంధకపు పొగ పైకెళ్ళి భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది. అలాంటిదే విమానాలతో చేద్దామంటారు. వేడి తగ్గొచ్చు. గాల్లో కార్బన్ మాత్రం అలాగే ఉంటుంది, సముద్రం ఆమ్లమవడం ఆగదు. పైగా రుతుపవనాలు దెబ్బతినే అవకాశముంది. రుతుపవనం మీద పందెం కాసే స్థితిలో మనం లేము.

ఇంత విన్నాక మా బావమరిది వేసే ఎదురు ప్రశ్న నాకు తెలుసు. "డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది బావా? క్రెడిట్లు అమ్మకపోతే ఎవరు పెడతారు?" న్యాయమైన ప్రశ్నే. దానికి రన్నింగ్ టైడ్ కథ చెప్పాలి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 2017లో పుట్టిన కంపెనీ. నాచు పెంచి ముంచుతామని మొదలుపెట్టి, చివరికి 2023లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో సుమారు 19 వేల టన్నుల చెక్కముక్కలకి సున్నపురాయి పొడి పట్టించి ముంచింది. పెద్దపెద్ద కంపెనీలు క్రెడిట్లు కొన్నాయి. 2024 జూన్‌లో మూతపడింది. ఆ చెక్కలు పడ్డ చోట అడుగున ఇప్పుడు ఏం జరుగుతోందో రోజూ వెళ్ళి చూసే నాథుడెవరు? నైట్రేటు తగ్గిన నీళ్ళు దక్షిణ సముద్రం నుంచి మన వైపు చేరడానికి దశాబ్దాలు పడుతుంది. కంపెనీ ఆయుష్షు ఏడేళ్ళు. క్రెడిట్ డబ్బు ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది, కొలత పని మాత్రం అన్నేళ్ళూ ఉంటుంది. అందుకే ఆ ఖర్చు ప్రభుత్వాలదీ, బదులుగా ఏమీ ఆశించకుండా గ్రాంటు ఇవ్వగలిగే కంపెనీలదీ కావాలి. మీ కంపెనీకి అంత ప్రేమ ఉంటే ఇవ్వమను, సంవత్సర నివేదికలో టన్నుల బదులు ఒక ఫోటో వేసుకోమను.

మన వైపు చెయ్యాల్సిందీ ఉంది. తీరమే లేని హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడినీ, క్లోరోఫిల్ పచ్చదనాన్నీ కలిపి, చేపలు ఎక్కడుండొచ్చో మత్స్యకారులకి చెబుతుంది. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతులో అని తెలుగులో వస్తుంది. డీజిల్ ఖర్చు మిగులుతుంది కాబట్టి బోట్లవాళ్ళు చూస్తారు. ఆ పచ్చ మచ్చ వాళ్ళకి కవళ్ళు, కానాగంతలు. అదే పచ్చ మచ్చ క్రెడిట్ అమ్మేవాడి స్క్రీన్ మీద ముంచాల్సిన సరుకు. ఒకే మ్యాపుని ఇద్దరూ చూస్తున్నారు, ఇప్పటిదాకా మనకి మొదటివాళ్ళ కోసం చూడటమే తెలుసు. పైపొరల రంగుతో పాటు, రెండు మూడు వందల మీటర్ల లోతున ఆక్సిజన్ ఏడాదికేడాది ఎలా మారుతోందో కొలిచే తేలే పరికరాలు బంగాళాఖాతంలో ఇంకా చాలా కావాలి. రేపు ఎవరైనా దక్షిణాన పెద్ద ఎత్తున మొదలుపెడితే, ఇక్కడ మార్పు వచ్చిందని చెప్పడానికి ముందు ఎలా ఉండేదో మన దగ్గర రాసి ఉండాలి.

2023లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ తీరంలో, మురుగునీటి గొట్టం ద్వారా తమ సముద్రంలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలపబోతున్నారని తెలిసి జనం బీచ్‌కి వచ్చి నిరసన చేశారు. వాళ్ళ భయాలన్నీ సరైనవని నేననను, క్షారం మీద నాకు అంత వ్యతిరేకత లేదని పైనే చెప్పాను. కానీ గొట్టం వాళ్ళ తీరంలో ఉంది కాబట్టి వాళ్ళకి తెలిసింది, అడగగలిగారు, అధికారులు జవాబు చెప్పాల్సి వచ్చింది. దక్షిణ సముద్రంలో ఇనుము వేస్తే నిజాంపట్నంలో బోటు నడిపేవాడికి ఏ కాగితమూ రాదు. ఎరువు వేసే పనుల్ని కట్టడి చేస్తూ, సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం లండన్ ప్రోటోకాల్‌కి 2013లో చేసిన సవరణ ఇప్పటికీ అమల్లోకి రాలేదు, తగినన్ని దేశాలు ఒప్పుకోలేదు. అది ముందు అమల్లోకి రావాలి. వచ్చాక కూడా, నీళ్ళు చేరే దేశాల మాట వినకుండా అనుమతి ఇవ్వకూడదన్న షరతు అందులోకి తేవాలని మన ప్రభుత్వం పట్టుబట్టాలి.